వెనక మొన సంగతి కూడా చూడు

చిన్నీ,

మీ అమ్మ ఇన్సులిన్ సూదులను కాగితంలో చుట్టి వంటింటి చెత్తబుట్టలో వేస్తున్నామని నిన్న ఫోనులో చెప్పావు. రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు వార్డుల్లో నర్సుగా తిరిగినదాన్ని. కాగితపు పొట్లం అనగానే మా ఆయా చెయ్యి కళ్ల ముందు మెదిలింది. మడిచిన దుప్పటిలో ఎవరో మరిచిపోయిన సూది ఆమె బొటనవేలి పక్కన దిగింది. వచ్చింది ఒక్క చుక్క రక్తమే. చివరికి ఏమీ లేదని తేలింది కానీ, ఆరు నెలల పరీక్షలు ముగిసేసరికి మనిషి సగమైంది. ఆ రోజు డ్యూటీలో ఉన్నది ముగ్గురం. ఆ సూది నాదే కావచ్చు.

మీ వీధి చెత్త బండి దగ్గర పొడి చెత్త వేరు చేసే ఆవిడ చేతికి తొడుగు ఉందో లేదో ఎప్పుడైనా చూశావా?

అమ్మ ఇన్సులిన్ ఎక్కించుకునే పెన్నులాంటి పరికరానికి బిగించే సూది పొడవు 4 మిల్లీమీటర్లు. చిన్నదే కదా అనుకోకు, దానికి రెండు మొనలు. ఒకటి చర్మంలోకి, రెండోది పెన్నులో ఉన్న మందు గొట్టంలోకి. సూదిని విప్పి తీశాక ఆ వెనక మొనకు మూత ఉండదు. చాలామంది ముందు మొన మీదే చూపు పెట్టి, వెనకదానితో గుచ్చుకుంటారు. అందుకని సూదితో పాటు వచ్చే పెద్ద మూతను బల్ల మీద పెట్టి, రెండో చెయ్యి తగలకుండా పెన్నుతోనే సూదిని అందులోకి దించి, తరువాత మరతిప్పి తీయమను. తీసిన వెంటనే డబ్బాలోకి. సూదిని పెన్నుకే ఉంచేస్తే మందు కారుతుంది, లోపలికి గాలి చేరుతుంది, మోతాదు తప్పుతుంది.

డబ్బా కోసం డబ్బు తగలేయకు. బట్టలు ఉతికే ద్రవం వచ్చే మందపాటి ప్లాస్టిక్ డబ్బా, మరమూత ఉన్నది, చాలు. నీళ్ల సీసా పనికిరాదు, బొటనవేలితో నొక్కితే లోపలికి పోయే ప్లాస్టిక్‌ను సూది కూడా చీల్చుకుని బయటికి వస్తుంది. గాజు సీసా పగులుతుంది. పైన పెద్ద అక్షరాలతో ‘సూదులు, తెరవవద్దు’ అని రాయి. షుగర్ చూసుకోవడానికి వేలికి పొడిచే లాన్సెట్లు కూడా అందులోనే. రోజుకు రెండు ఇంజెక్షన్లంటే నెలకు 60 సూదులే, ఒక్క డబ్బా చాలాకాలం వస్తుంది. ముప్పావు వంతు నిండగానే మూత బిగించి టేపు చుట్టు. ఇంకో నాలుగు పడతాయేమోనని వేలితో కుక్కవద్దు. సూదులు కాల్చే మిషను కొంటానని మీ నాన్న అంటున్నారట, ఒక మనిషి సూదులకు అదెందుకు? ఆ డబ్బుతో కొత్త సూదులు కొనండి. ఒకే సూదిని వారం వాడటం పొదుపు కాదు. మొన మొద్దుబారి, పొట్ట మీద గడ్డలు కడతాయి. మా తొలి రోజుల్లో గాజు సిరంజిలు ఉడకబెట్టి, సూదులను రాతి మీద సాన పట్టి మళ్లీ వాడేవాళ్లం. ఆ రోజులు మళ్లీ రాకపోతేనే మేలు.

నిండిన డబ్బాను మీ డాక్టరు గారి ఆసుపత్రిలో తీసుకుంటారేమో ముందు అడుగు. ఆసుపత్రుల్లో సూదులకు గుచ్చినా చిల్లు పడని తెల్ల డబ్బా విడిగా ఉంటుంది, దాన్ని వ్యర్థాల శుద్ధి కేంద్రం బండి పట్టుకెళ్తుంది. వాళ్లు కాదంటే మున్సిపాలిటీ బండి. వాడిన సూదులు ఇంటి ప్రమాదకర వ్యర్థాల్లోకి వస్తాయని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. తడి, పొడి బుట్టల్లో వేయకుండా బండి మనిషి చేతికే ఇచ్చి, లోపల ఏముందో నోటితో చెప్పు. మరుగుదొడ్డిలో వేయడం, పెరట్లో తగలబెట్టడం వద్దే వద్దు.

ఎవరికైనా వాడిన సూది గుచ్చుకుంటే పిండకండి, నోట్లో పెట్టుకోకండి. పారే నీళ్ల కింద సబ్బుతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులను వీలైతే 2 గంటల్లో మొదలుపెట్టాలి. 72 గంటలు దాటితే లాభం ఉండదు. హెపటైటిస్-బి టీకా వేసుకున్నారో లేదో కూడా చెప్పండి.

ఇప్పుడు బుట్టలో ఉన్న పొట్లాలను చేత్తో వెతకవద్దు, పట్టకారుతో తీయి. ఆదివారం వస్తున్నాను. మా ఇంట్లో ఖాళీ డబ్బాలు రెండున్నాయి, మూతలతో సహా తెస్తాను.

మీ పెద్దమ్మ