టెక్ సందేహాలు: కొతాత్సు కొనేటప్పుడు బల్ల తిరగేసి చూడండి

జపాన్‌లో చలి మొదలైతే అక్కడి తెలుగువాళ్ల నుంచి వచ్చే మెయిళ్లలో ఫోన్లు, లాప్‌టాప్‌లు వెనక్కి వెళ్లి కొతాత్సు ముందుకొస్తుంది. తెలియనివాళ్ల కోసం: అదొక పొట్టి బల్ల. దాని అడుగున కరెంటు హీటర్ బిగించి ఉంటుంది. బల్ల చట్రానికీ పైపలకకీ మధ్య ఒక మందపాటి బొంత పరుస్తారు, అది నాలుగువైపులా నేలదాకా దిగుతుంది. కాళ్లు లోపల పెట్టుకుని చుట్టూ కూర్చుంటారు. ఈసారి శీర్షిక మొత్తం దానికే.

టోక్యో నిషికసాయ్‌లో ఉంటున్నాం. మేమిద్దరం, మూడేళ్ల పాప. ఆరు తతామీల (నేల మీద పరిచే గడ్డి చాపల) గది. షాపులో చూస్తే ఒకేలా కనిపించే బల్లలకి ధరల్లో చాలా తేడా ఉంది. ఏది తీసుకోవాలి?

షాపులో మనకి చూపించేది చెక్క. మీరు డబ్బు పెట్టాల్సింది హీటర్ మీద, బొంత మీద. బల్లని ఒకసారి తిరగేసి చూపించమనండి, వాళ్లేమీ అనుకోరు. మధ్యలో జాలీ, దాని వెనక గొట్టాలు కనిపిస్తే అది క్వార్ట్జ్, హాలోజన్, కార్బన్‌లలో ఏదో ఒకటి. క్వార్ట్జ్ చవక, వేడెక్కడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. హాలోజన్, కార్బన్ స్విచ్ వేసిన కొన్ని సెకన్లలోనే కాళ్లకి వేడి తెలుస్తుంది. జాలీ బయటికి పొడుచుకు రాకుండా పలకలా సాఫీగా ఉంటే అది ఫ్లాట్ హీటర్. నిదానంగా వేడెక్కుతుంది, కానీ ఒకచోటే కాల్చినట్టు కాకుండా అంతటా సమంగా ఉంటుంది.

మీ ఇంటికైతే నేను ఫ్లాట్ హీటరే చెప్తాను. మూడేళ్ల పిల్ల ఆ బొంత కిందికి దూరకుండా ఉండదు. లోపల జాలీ కిందికి దిగి ఉంటే తల తగిలేది దానికే. కొన్ని గంటల తర్వాత దానంతట అదే ఆగిపోయే టైమర్ ఉన్న మోడల్ దొరికితే ఇంకో నాలుగు డబ్బులు ఎక్కువైనా తీసుకోండి. పాప లోపల దూరి నిద్రపోతే మాత్రం వెంటనే బయటికి తీయండి. పిల్లల ఒంట్లో నీరు త్వరగా తగ్గిపోతుంది.

ఇక సైజు. చాలామంది బల్ల కొలత చూసి కొనేస్తారు, బొంత సంగతి మర్చిపోతారు. 75 సెంటీమీటర్ల చదరపు బల్లకి వేసే బొంత అటూ ఇటూ 190 నుంచి 205 సెంటీమీటర్లు ఉంటుంది. అంటే నేల మీద దాదాపు రెండు మీటర్ల చదరం దానికే పోతుంది. ఆరు తతామీల గది సుమారు 2.6 మీటర్లు, 3.5 మీటర్లు. ఆ గదిలోనే రాత్రి పడకలు కూడా వేసుకుంటే 75 దాటి వెళ్లకండి. 105కి 75 బల్ల నలుగురు భోంచేయడానికి బాగుంటుంది గానీ మీ గదిని మింగేస్తుంది.

బొంతకి విప్పి ఉతుక్కునే కవర్ తప్పనిసరిగా కొనండి. మన వంటలో పసుపు ఉంటుంది, పప్పుచారు ఒలికితే ఆ మరక అంత తేలిగ్గా వదలదు. కింద పరిచే పల్చటి పరుపు కూడా అదనపు హంగు కాదు. అది లేకపోతే పైనుంచి వచ్చే వేడిని చల్లటి నేల లాగేసుకుంటుంది.

ఒసాకాలో కొత్తగా కొన్నాం. ఎర్రలైటు వెలగడం లేదు. చెడిపోయిందా?

చెడిపోలేదు. మీరు మెయిల్‌లో రాసిన మోడల్ ఫ్లాట్ హీటర్, దానికి వెలుగుండదు. మన కాళ్లకి తగిలే వేడి పరారుణ కిరణాలది, అవి కంటికి కనిపించవు. వెనకటి కొతాత్సుల్లో బొగ్గు నిప్పు అడుగున ఉండేది. తోషిబా కంపెనీ 1957లో హీటర్‌ని తీసుకెళ్లి బల్ల అడుగుభాగానికి బిగించి అమ్మింది. అప్పట్లో దానికి ఎర్రదనం లేదు, జనం అది వేడినిస్తుందంటే నమ్మలేదు. 1960లో ఎర్రగా వెలిగేలా మార్చాక గానీ అది ఇల్లిల్లూ చేరలేదు. ఇప్పటికీ హీటర్ ఎర్రగా వెలిగినా, కాళ్లకి వేడినిచ్చేది ఆ రంగు కాదు. మీరు స్విచ్ వేసి, బొంత దించి, ఓ పది నిమిషాలాగి చెయ్యి పెట్టి చూడండి. అప్పటికీ చల్లగానే ఉంటే షాపుకి తీసుకెళ్లండి.

త్సుకుబాలో చదువుకుంటున్నా. కొతాత్సు మీద 600 వాట్లు అని ఉంది. బిల్లు చూస్తే గుండె ఆగుతుందేమోనని టెన్షన్. పైగా అన్నం వండుతూ మైక్రోవేవ్ పెడితే కరెంటు పోతోంది.

600 వాట్లు అనేది గరిష్ఠం. లోపల వేడి కాగానే థర్మోస్టాట్ ఆపేస్తుంది, చల్లబడితే మళ్లీ వేస్తుంది. ఈ తరహా బల్లలకి కంపెనీలు చెప్పే సగటు వాడకం ఎక్కువ వేడిలో గంటకి 160 వాట్-అవర్ల దగ్గర, తక్కువలో 80 దగ్గర ఉంటుంది. జపాన్‌లో లెక్కలకి వాడే ధర యూనిట్‌కి 31 యెన్లు. ఆ చొప్పున ఎక్కువలో గంటకి 5 యెన్లు. రోజూ ఆరు గంటలు వాడినా నెలకి 900 యెన్ల లోపే. బొంత నాలుగు మూలలా నేలకి ఆనేలా చూసుకుంటే, వేడయ్యాక తక్కువకి తిప్పేస్తే ఇంకా తగ్గుతుంది.

కరెంటు పోవడం వేరే సంగతి. మీ గదికి బ్రేకర్ మీద ఎన్ని ఆంపియర్లు రాసి ఉందో చూడండి. 20 అయితే 100 వోల్టుల దగ్గర మొత్తం 2000 వాట్లే. మైక్రోవేవ్, రైస్ కుక్కర్ రెండూ కలిసి దాన్ని దాదాపు నింపేస్తాయి, కొతాత్సు స్విచ్ వేసిన మొదట్లో తీసుకునే 600 వాట్లు పైన పడితే బ్రేకర్ దిగిపోతుంది. ఆ రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి వాడండి, చాలు. ఇంకొకటి: ఇది గదిని వెచ్చబరచదు. కాళ్లు వెచ్చగా, వీపు చల్లగా ఉంటుంది. భుజాల మీద శాలువా కప్పుకోండి.

నగోయాలో ఉంటున్నాం. గుంటూరు నుంచి అమ్మానాన్న వస్తున్నారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, నాన్నకి చాలా ఏళ్లుగా షుగర్. చలికి తట్టుకోలేరని కొతాత్సు కొందామనుకుంటున్నాం.

అమ్మగారి సంగతి తేలిక. కుర్చీల్లో కూర్చుని వాడే ఎత్తు కొతాత్సులు ఉన్నాయి, భోజనాల బల్లలాగే ఉంటాయి. వాటికి వేలాడే బొంత విడిగా ఉంటుంది. మామూలు బొంత సరిపోదు, రెండూ సెట్‌గా కొనండి.

నాన్నగారి విషయంలో కొంచెం ఆగండి. షుగర్ ఎక్కువకాలం ఉన్నవాళ్లలో చాలామందికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. కాలుతున్నా తెలియదు. ఒళ్లు కాలడానికి నిప్పే తగలక్కర్లేదు. 44 డిగ్రీల వేడి ఒకేచోట మూడు నాలుగు గంటలు తగిలినా లోపలి చర్మం కాలిపోతుంది. 46 డిగ్రీలైతే అరగంట నుంచి గంట చాలు. పైకి కాస్త ఎర్రబడినట్టే ఉంటుంది, లోపల పుండు లోతుగా ఉంటుంది, షుగర్ ఉన్న కాలికి అది మానడం చాలా కష్టం. ఆయనకి పాదాల్లో తిమ్మిరి, మొద్దుబారడం ఉంటే కొతాత్సు వద్దే వద్దు. గదికి ఏసీ హీటింగ్ వేసి, మందపాటి మేజోళ్లు తొడగండి. తిమ్మిర్లు లేవంటే, ముందు డాక్టర్‌ని అడిగి, తక్కువ వేడిలో, కొద్దిసేపే. రాత్రి పడుకోబోయేముందు ఆయన పాదాలు మీరే చూడండి. ఆయన ‘ఏం లేదమ్మా’ అంటారు, అయినా చూడండి.

ఇద్దరికీ వర్తించేది ఒకటి. అందులో కాళ్లు పెట్టుకుని కునుకు తీయడం చాలా హాయిగా ఉంటుంది, అందుకే ప్రమాదం. నోరు ఎండిపోతుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది. పక్కన ఒక చెంబు మంచినీళ్లు పెట్టండి. కళ్లు మూతలు పడుతుంటే లేపి పక్క మీదికి పంపండి.

స్మార్ట్ ప్లగ్గు పెట్టి, ఆఫీసు నుంచి బయల్దేరేటప్పుడు ఫోన్‌లోంచి ఆన్ చేయొచ్చా?

వద్దు. స్మార్ట్ ప్లగ్గుకి ఆ వాట్లు మోసే శక్తి ఉండొచ్చు, సమస్య అది కాదు. పొద్దున హడావుడిలో లోపలికి తన్నేసిన దిండు హీటర్ జాలీకి ఆనుకుని ఉంటే మీకు రైల్లో కూర్చుని తెలియదు. చలికాలంలో బట్టలు ఆరక కొందరు కొతాత్సు లోపల వేస్తుంటారు. అదీ వద్దు. స్విచ్ వేసేముందు బొంత ఎత్తి లోపలికి ఒకసారి తొంగిచూడటం అలవాటు చేసుకోండి. ప్లగ్గుని ఎక్స్‌టెన్షన్ బోర్డులో కాకుండా గోడ సాకెట్‌లోనే పెట్టండి.

సెకండ్ హ్యాండ్ షాపులో చవకగా దొరికింది. స్విచ్ వేస్తే కాస్త మాడు వాసన వస్తోంది. వాడొచ్చా?

ముందు ప్లగ్గు తీసేయండి. వాసనకి రెండు కారణాలు ఉంటాయి. ఒకటి, కిందటి చలికాలం నుంచి జాలీ వెనక పేరుకున్న దూది, వెంట్రుకలు కాలడం. పూర్తిగా చల్లారాక వాక్యూమ్ క్లీనర్‌తో జాలీలోని దుమ్ము లాగేస్తే ఆ వాసన పోతుంది. రెండోది భయపడాల్సింది: వైరు. కొతాత్సు వైరుకి తరచూ నేత గుడ్డ తొడుగు ఉంటుంది. ఆ వైరుని ప్లగ్గు మొదట్లోంచి స్విచ్ దాకా వేళ్ల మధ్య నెమ్మదిగా జరుపుకుంటూ వెళ్లండి. ఎక్కడైనా మెత్తబడి నలిగినట్టు, లోపల తీగలు విడివిడిగా కదిలినట్టు, గుడ్డ గోధుమరంగుకి తిరిగినట్టు ఉంటే అక్కడ వైరు చచ్చిపోయింది. బల్లకాలు కింద పడి నలగడం, వాడనప్పుడు కాలికి గట్టిగా చుట్టి పెట్టడం వల్ల ఇలా అవుతుంది. టేపు చుట్టి వాడకండి. వైరుని వేరే కొనుక్కోవచ్చు, హీటర్ కూడా విడిగా దొరుకుతుంది. పాత హీటర్ కూర్చున్న చతురస్రాన్ని, స్క్రూ రంధ్రాల మధ్య దూరాన్ని కొలిచి రాసుకుని షాపుకి వెళ్లండి. బల్ల బాగుంటే అది ఎన్నేళ్లయినా ఉంటుంది, మారేది హీటరే.

జపాన్ నుంచి హైదరాబాద్‌కి వచ్చేస్తున్నాం. ఇంత ఇష్టంగా కొన్న కొతాత్సుని కంటైనర్‌లో వేయమంటారా?

బల్ల తెచ్చుకోండి. హీటర్ స్క్రూలు విప్పి అక్కడే వదిలేయండి.

ఎందుకో లెక్క చెప్తాను. జపాన్‌లో 100 వోల్టులు, మన దగ్గర 230. వోల్టేజీ 2.3 రెట్లయితే హీటర్ లాగే కరెంటూ అన్ని రెట్లవుతుంది. రెండూ గుణిస్తే వాట్లు 5.29 రెట్లు. 600 వాట్ల హీటర్ 3,170 వాట్ల పైకి ఎగబాకుతుంది, అదీ బొంత కింద, మీ కాళ్ల మధ్య. ఫ్యూజ్ ముందు పోతే మీ అదృష్టం. ప్లగ్గు పిన్నులు మార్చే అడాప్టర్ వోల్టేజీని మార్చదు, ఇది చాలామందికి తెలియదు. 230ని 100కి దించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు. 600 వాట్ల హీటర్‌కి కనీసం 1000 వాట్లది కావాలి. అది కిలోల కొద్దీ బరువుంటుంది, సన్నగా రొద చేస్తుంది. హైదరాబాద్ చలికి అంత తంటా పడక్కర్లేదు. నాలుగు కాళ్ల మీద నిలబడే మంచి చెక్కబల్ల అది, టీలు తాగడానికి, పిల్లలు హోంవర్క్ చేసుకోవడానికి బాగుంటుంది. బొంత డిసెంబర్‌లో కప్పుకోండి.

న్యూజెర్సీలో ఉన్నాం. జపాన్ హీటర్ ప్లగ్గు ఇక్కడి సాకెట్‌లో సరిగ్గా పట్టింది. వాడేయొచ్చా?

పట్టిందని వాడకండి. మీ దగ్గర 120 వోల్టులు, వాట్లు 1.44 రెట్లవుతాయి. 600 కాస్తా 864. థర్మోస్టాట్ మధ్యమధ్య ఆపుతుంది కాబట్టి కొన్నాళ్లు మామూలుగానే అనిపిస్తుంది, కానీ గొట్టం, వైరు, స్విచ్ ఏవీ ఆ భారానికి చేసినవి కావు. 120 వోల్టులకి తయారైన హీటర్ కొనండి.

మాది ఆదిలాబాద్. చలికాలం రాత్రుళ్లు 10 డిగ్రీల కిందికి పోతుంది. కొతాత్సు వీడియోలు చూసి, పాత టీపాయ్ కింద మా రూమ్ హీటర్ పెట్టి పైన రజాయి కప్పుదామనుకుంటున్నా.

దయచేసి చేయకండి. మన రూమ్ హీటర్లు 1000, 2000 వాట్లవి, చుట్టూ గాలి ఆడుతుందన్న లెక్కతో చేసినవి. రజాయి కప్పి ఆ గాలిని ఆపేస్తే అది అంటుకోవచ్చు. హీటర్ బదులు కుంపటి పెడదామన్న ఆలోచన అంతకంటే ప్రమాదం. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తలుపులు మూసిన గదిలో నిద్రలోనే ప్రాణం పోతుంది.

మీ టీపాయ్, మీ రజాయి రెండూ వాడుకునే మార్గం ఉంది. మందుల షాపులో దొరికే రబ్బరు హాట్ వాటర్ బ్యాగులు రెండు తీసుకోండి. మరుగుతున్నవి కాకుండా కాస్త చల్లారిన వేడినీళ్లు ముప్పాతిక వంతు పోసి, మూత బిగించేముందు లోపలి గాలి నొక్కి తీసేయండి. ఒక్కోదాన్నీ తువ్వాల్లో చుట్టి టీపాయ్ కింద పెట్టండి, కింద ఒక చాప, దాని మీద జంపఖానా వేయండి. రజాయి పైన పరిచి, అది జారకుండా పీటో పళ్లెమో పెట్టండి. రజాయి అంచులు నేలకి బాగా ఆనితే ఆ వేడి చాలాసేపు నిలుస్తుంది. నీళ్లు చల్లబడ్డాక మార్చుకుంటే సరి. బ్యాగు రబ్బరు మీద పగుళ్లు కనిపిస్తే కొత్తది కొనండి.