తొందరకూ జాగుకూ ఫ్రెంచి మాటలు: మనవరాలికి ఒక లేఖ

కడప

చిరంజీవి మనవరాలికి తాత ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన పట్టికా అందాయి. త్వరపడటానికీ జాగు చేయటానికీ ఇంగ్లీషులో ఉన్న మాటలన్నీ ఎడమ వరుసలోనూ, వాటి ఫ్రెంచి మాటలు కుడి వరుసలోనూ చక్కని దస్తూరీతో రాశావు. నిఘంటువు ప్రకారం చూస్తే అందులో తప్పులేమీ లేవు. అయినా ఆ పట్టికను ఉన్నదున్నట్టు బట్టీ పట్టవద్దని చెప్పటానికే ఈ లేఖ రాస్తున్నాను. ఎడమ వరుసలో ఉండవలసింది ఇంగ్లీషు కాదు, తెలుగు. ఈ ఒక్క మార్పుతో నీకు సగం శ్రమ తగ్గుతుంది. అది ఎలాగో వివరంగా చెబుతాను. ఫ్రెంచి మాటలను తెలుగు లిపిలోనే రాస్తున్నాను కాబట్టి వర్ణక్రమం నీ పాఠ్యపుస్తకంలో చూసుకో. ముక్కుతో పలికే అచ్చుల దగ్గర మన పాత అరసున్న పెట్టాను.

‘హర్రీ’ అనే మాటనే తీసుకో. మనిషి తానే త్వరపడినా, ఎదుటివాణ్ణి త్వరపెట్టినా ఇంగ్లీషువాడు ఆ ఒక్క మాటతోనే సరిపెట్టుకుంటాడు. మనం అలా కాదు, ‘తొందరపడటం’ వేరు, ‘తొందరపెట్టటం’ వేరు. ఫ్రెంచివాళ్లూ మనలాగే విడదీస్తారు. తొందరపడటం ‘స దెపెషే’, ఇతరులను తొందరపెట్టటం ‘ప్రెసే’ లేదా ‘బూస్కులే’. ఇంగ్లీషు మీదుగా వెళ్లినవాళ్లు ‘తమ్ముణ్ణి తొందరపెట్టాను’ అనబోయి, ముందున్న ‘స’ను వదిలేసి, తమ్ముడి పేరు పక్కన ‘దెపెషే’ను పెట్టేస్తారు. అప్పుడు తమ్ముణ్ణి అత్యవసరంగా ఎక్కడికో పంపించామని అర్థం వస్తుంది. ‘నన్ను తొందరపెట్టవద్దు’ అనాలంటే ‘న మ బూస్కుల్ పా’ అను. జనంలో ఒకరినొకరు తోసుకోవటానికి కూడా ఇదే క్రియ కాబట్టి, ఇందులో కాస్త విసుగు వినిపిస్తుంది.

‘దెపెషే’ పుట్టుక కూడా తెలుసుకోదగినది. అడ్డుకోవటం అనే అర్థంలో ‘ఆఁపెషే’ అనే క్రియ ఉంది. దాని వెనుక కాలికి వేసే బంధాన్ని చెప్పే లాటిన్ మాట ఉంది. ఆ క్రియ ముందుభాగాన్ని మార్చి ‘దెపెషే’ను చేశారు, అంటే కాళ్లకున్న బంధం తీసివేయటం. ఇది తెలిస్తే ఆ మాట ఇక మరచిపోవు.

ఇప్పుడు ఆ ‘స’ సంగతి. మన క్రియల చివర వచ్చే ‘కొను’ చేసే పని వంటిదే ఇది కూడా చాలాచోట్ల చేస్తుంది. ‘కడుక్కోవటం’ వాళ్లకు ‘స లవే’. అయితే మన ‘కొను’ ఎవరు చేసినా మారదు, వాళ్లది మాత్రం మనిషిని బట్టి మారుతుంది. ‘జ మ దెపెష్, తు త దెపెష్, నూ నూ దెపెషోఁ, వూ వూ దెపెషే’ అని నోటికి వచ్చేదాకా గట్టిగా చదువు. మనసులో చదివితే ఇది రాదు, ఇంట్లోవాళ్లు నవ్వినా సరే.

ఆజ్ఞ ఇచ్చేటప్పుడు తెలుగు నీకు ఇంకా ఎక్కువగా అక్కరకు వస్తుంది. ఇంగ్లీషులో చిన్నవాడికైనా పెద్దవాడికైనా ఒకటే ‘యూ’. ఫ్రెంచిలో నువ్వు, మీరు రెండూ ఉన్నాయి, పైగా వాళ్ల ‘మీరు’ కూడా మన ‘మీరు’ లాగే గౌరవానికీ బహువచనానికీ ఒకటే. తమ్ముడితో మనం ‘బిన్నా రా’ అనే చోట ‘దెపెష్-త్వా’ అను. పదిమంది స్నేహితులతోనో, పరిచయం లేని పెద్దమనిషితోనో అయితే ‘దెపెషే-వూ’ అనాలి. కానీ పెద్దవారిని మీరు అని సంబోధించినంత మాత్రాన త్వరపెట్టటం మర్యాద అయిపోదు కదా? అక్కడ ‘వెళ్దాం, త్వరపడదాం’ అని మనల్నీ కలుపుకుని చెబుతాం. అచ్చంగా ఆ ‘దాం’కు సరిపోయే రూపం ఫ్రెంచిలో ఉంది, ‘దెపెషోఁ-నూ’. నేనైతే నూటికి తొంభైసార్లు దాన్నే వాడమంటాను. ‘గ్రుయ్-త్వా’ అని కుర్రకారు అనే మాట నీ పట్టికలో కనిపించింది. అది స్నేహితుల మధ్య చెల్లుతుంది, పరీక్ష కాగితం మీద చెల్లదు.

ఇంగ్లీషు నిజంగా సాయపడే చోటు ఒకటి ఉంది, అదీ చెప్పాలి. ఇంగ్లీషు ‘హేస్ట్’ పాత ఫ్రెంచి నుంచి వెళ్లినదే. ఫ్రెంచిలో తరువాత అందులోని సకారం జారిపోయి ‘ఆత్’ అయింది, జారిపోయిన సకారానికి గుర్తుగా అచ్చు మీద చిన్న టోపీ మిగిలింది. ఆసుపత్రి, అడవి అనే అర్థాల ఫ్రెంచి మాటల మీద ఉన్న టోపీలూ అటువంటివే. అయితే ‘జె ఆత్’ అని ఎవరైనా మొదలుపెడితే తొందరలో ఉన్నారని అనుకోకు. ‘ఎప్పుడెప్పుడా అని ఉంది’ అని దాని భావం. తొందరలో ఉన్నానని చెప్పాలంటే ‘జ స్వి ప్రెసే’ అనాలి. ముందువెనుకలు చూడకుండా దూకటానికి ‘స ప్రెసిపితే’ ఉంది. ఆత్రపు పెళ్లికొడుకు అత్త మెడలో తాళి కట్టాడని మనం చెప్పుకుంటామే, ఆ ఆత్రం ఈ మాటలో ఉంది.

జాగు వైపు వస్తే మాటలు ఇంకా ఎక్కువ, వాటి మధ్య తేడాలు ఇంకా సన్నం. నీవు ‘డాడల్’ ఎదురుగా ‘త్రెనే, లాఁబినే, ఫ్లానే’ మూడింటినీ వరసగా పెట్టి, మధ్యలో అడ్డగీతలు గీశావు. అవి ఒకదాని బదులు ఒకటి వాడుకునేవి కావు. సాయంత్రం మన ఏడు రోడ్ల కూడలిలో కాసేపు నిలబడి మనుషులను చూడు. పని ముగించుకుని, దుకాణాల అద్దాలు చూసుకుంటూ, ఎక్కడికీ చేరాలని లేకుండా హాయిగా నడిచే పెద్దాయన చేసేది ‘ఫ్లానే’. అందులో నింద ఏమాత్రమూ లేదు, నిజానికి ఫ్రెంచివాళ్లు దాన్నొక కళగా చూస్తారు. ఇంటికి పొమ్మన్నా పోకుండా టీ అంగడి ముందు బండికి ఆనుకుని పొద్దుపుచ్చే కుర్రవాడు చేసేది ‘త్రెనే’. మూసిన అంగడి చుట్టూ తచ్చాడుతూ అటూ ఇటూ చూసేవాడిది ‘రోదే’, పోలీసు కన్ను పడేది వాడి మీదే. ఇంగ్లీషు ‘లాయిటర్’ ఈ చివరి ఇద్దరినీ కలిపేస్తుంది. వెళ్లవలసిన వేళ దాటినా స్నేహితులను వదలలేక కబుర్లలో ఉండిపోయే వాళ్లది ‘సతార్దే’. ఇక ‘లాఁబినే’ చేతిలో పని పెట్టుకుని నత్తనడక నడిపించటం. బడికి వేళవుతుంటే ఒక్కొక్క గుండీ పెట్టుకోవటానికి అయిదేసి నిమిషాలు తీసుకునే మీ తమ్ముడికి ఇంతకంటే తగిన క్రియ లేదు.

‘త్రెనే’కు అసలు అర్థం ఈడ్వటం. మన రైలుకు ఇంగ్లీషు పేరు ఆ పాత ఫ్రెంచి క్రియ నుంచే వచ్చింది. గుంతకల్లులో ప్యాసింజరు బండి ఎక్కినవాళ్లకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు.

ఆలస్యం దగ్గర కూడా తెలుగే దారి చూపుతుంది. ‘పొద్దుపోయింది’ అన్నప్పుడు మనం వేళ గురించి చెబుతాం, ‘నాకు ఆలస్యమైంది’ అన్నప్పుడు మన గురించి చెబుతాం. మొదటిది ఫ్రెంచిలో ‘ఇలె తార్’, రెండవది ‘జ స్వి ఆఁ రతార్’. ఇంగ్లీషులో రెండింటికీ ‘లేట్’ ఒక్కటే కాబట్టి, అటునుంచి వచ్చినవాళ్లు రెండవదాని చోట మొదటి మాటను పెడతారు. రేపు మాపు అంటూ వాయిదా వేయటానికి ‘రమెత్ర్ ఓ లాఁదమాఁ’ అంటారు, అక్షరాలా మరునాటికి పెట్టటమే.

ఉచ్చారణ విషయంలో ఒక్క మాట. జాగు చేయటం అనే అర్థమున్న ‘తార్దే’ను ‘టార్డే’ అనవద్దు. ఫ్రెంచి త, ద లు మన త, ద ల లాగే నాలుక కొన పంటికి తగిలి పలికేవి.

సెలవులకు ఇక్కడికి వచ్చినప్పుడు బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రానికి వెళ్దాం. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. తెలుగు మాటను ముందు పెట్టి, దాని చుట్టూ ఉన్న వాడుకలతో సహా ఇంగ్లీషులోకి విడమరచిన తీరును నీకు చూపిస్తాను. త్వర, తొందర, ఆత్రం, జాగు, తాత్సారం, నింపాది అంటూ నీ కొత్త పట్టికకు ఎడమ వరుసను అక్కడే కూర్చుని రాసుకోవచ్చు.

ఈలోగా నీకు డెల్ఫ్ అనే ఫ్రెంచి భాషా పరీక్ష, ఏ2 స్థాయిది, ఉంది కదా. నాలుగు భాగాలకూ ఇరవై అయిదేసి మార్కులు, మొత్తం 100కు 50 వస్తే చాలు, కానీ ఏ భాగంలోనూ 5కు తగ్గకూడదు. రాతభాగంలో క్షమాపణ కోరుతూనో, కృతజ్ఞత చెబుతూనో, ఆహ్వానిస్తూనో చిన్న జాబు రాయమంటారు. దానికి మూడు మాటలు సిద్ధంగా ఉంచుకో. ఆలస్యానికి మన్నించమనటానికి ‘ఆఁ రతార్’, జాగు చేయకుండా అనటానికి ‘సాఁ తార్దే’, కలుసుకోవాలని ఆత్రంగా ఉందనటానికి ‘జె ఆత్ ద’. ఒక్కొక్కదానితో నాలుగేసి వాక్యాలు రాసి నాకు పంపు, దిద్ది తిరుగు టపాలో పంపుతాను. నీ పట్టిక అడుగున ఉన్న ‘ముజార్దే’, ‘లాఁతెర్నే’ వంటి అరుదైన వాటిని ఆ పరీక్షలోనే పై స్థాయి అయిన బీ2 దాకా ముట్టుకోనక్కరలేదు.

ఇట్లు,
మీ తాత