సిటిజన్‌షిప్‌కు పెట్టే ముందు పాస్‌పోర్టు ముద్రలు లెక్కపెట్టండి

బ్రిటన్‌లో ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చిందని స్వీట్లు పంచిన వారం తిరగకముందే మొదలయ్యే ప్రశ్న ఒకటుంది: "ఇక సిటిజన్‌షిప్‌కు ఎప్పుడు పెట్టుకోవచ్చు?" ఆ వెంటనే రెండోది: "లాయరును పెట్టుకోవాలా?" ఉద్యోగం మీద వచ్చి, పన్నులు సక్రమంగా కట్టి, పోలీసు కేసుల జోలికి పోనివారికి లాయరు అక్కర్లేదనే నా అభిప్రాయం. ఫారం అంత కష్టమైనదేమీ కాదు. కష్టమంతా మీరు దేశంలో ఎన్ని రోజులు ఉన్నారో, ఎన్ని రోజులు లేరో తేల్చుకోవడంలోనే ఉంది. ఆ పని మీ తరఫున ఏ లాయరూ చేయడు, మీ చేతే చేయిస్తాడు.

1981 నాటి బ్రిటిష్ జాతీయతా చట్టంలో ఆరో సెక్షన్ మన విషయం. అందులో రెండు దారులున్నాయి. మామూలు దారిలో ఐదేళ్ళ నివాసం చూపాలి, ఆ ఐదేళ్ళలో దేశం బయట గడిపినవి 450 రోజులు మించకూడదు, చివరి 12 నెలల్లో 90 మించకూడదు, ఐఎల్ఆర్ వచ్చి ఏడాది నిండాలి. భర్త గానీ భార్య గానీ అప్పటికే బ్రిటిష్ పౌరులైతే రెండో దారి. దానికి మూడేళ్ళు చాలు, బయటి రోజులు 270 వరకు, చివరి ఏడాదికి మాత్రం అదే 90. ఈ దారిలో దరఖాస్తు నాటికి ఐఎల్ఆర్ ఉంటే చాలు, ఏడాది ఆగనక్కర్లేదు. దంపతులిద్దరూ ఒకే రోజు పెట్టాలని చాలామంది అనుకుంటారు. అలాంటి నియమమేదీ లేదు. ఒకరికి ఐఎల్ఆర్ ముందు వచ్చి, మరొకరికి ఆలస్యంగా వచ్చిన ఇళ్ళలో, ముందువారు పౌరసత్వం తీసుకున్నాక రెండోవారు మూడేళ్ళ దారిలో పెట్టుకుంటే నెలల తరబడి ఎదురుచూపు తప్పుతుంది.

అందరూ తడబడేది చివరి 90 దగ్గరే. స్కిల్డ్ వర్కర్ వీసాలో ఉన్నంతకాలం ఏ 12 నెలల్లోనైనా 180 రోజులు దాటకూడదన్న లెక్క తలలో తిరుగుతూ ఉంటుంది. ఐఎల్ఆర్ రాగానే ఆ భయం పోతుంది. ఇన్నేళ్ళూ ఆగాం కదా, అమ్మానాన్నల దగ్గర హాయిగా నాలుగు నెలలు ఉండి వద్దాం అని బయలుదేరతారు. సిటిజన్‌షిప్‌కు అన్నిటికన్నా కఠినంగా లెక్కపెట్టేది సరిగ్గా ఆ ఏడాదినే. హైదరాబాద్‌లో కూర్చుని ఇక్కడి కంపెనీకే పని చేశాను, జీతం ఇక్కడే పడింది, పన్ను ఇక్కడే కట్టాను అంటే కుదరదు. మనిషి ఎక్కడ ఉన్నాడన్నదే ప్రశ్న. కాస్త ఎక్కువైతే చూసీచూడనట్టు పోయే వెసులుబాటు అధికారులకు ఉన్న మాట నిజమే. కానీ ఆగడం మీ చేతిలో ఉన్నప్పుడు దాని మీద ఆధారపడటం ఎందుకు? రెండు నెలలు ఆగి పెడితే పాత ప్రయాణం దానంతట అదే లెక్కలోంచి జారిపోతుంది.

దీనికన్నా చిన్నదీ, దీనికన్నా ప్రమాదకరమైనదీ మరో నియమం ఉంది. దరఖాస్తు చేరిన తేదీ నుంచి వెనక్కి ఐదేళ్ళు లెక్కిస్తే వచ్చే మొదటి రోజున మీరు స్వయంగా ఈ గడ్డ మీద ఉండాలి. 2026 జూన్ 10న పెడితే 2021 జూన్ 11న మీరు ఇక్కడ ఉన్నారా అన్నది చూస్తారు. ఆ తేదీని ఊరికే ఎంచుకోలేదు. కరోనా రెండో ఉధృతిలో 2021 ఏప్రిల్ 23న బ్రిటన్ మన దేశాన్ని రెడ్ లిస్టులో (ప్రయాణ ఆంక్షల జాబితాలో) పెట్టింది, ఆగస్టు 8 దాకా తీయలేదు. ఆ వేసవిలో ఊరికి వెళ్ళి చిక్కుకుపోయినవారు ఎందరో. 2026 వేసవిలో పెట్టేవారికి వెనకటి ఐదేళ్ళ తేదీ సరిగ్గా అక్కడే పడుతుంది. 2022లో వచ్చిన చట్టం తర్వాత ప్రత్యేక పరిస్థితుల్లో ఈ నియమాన్ని సడలించే అధికారం హోమ్ ఆఫీస్‌కు (బ్రిటన్ హోంశాఖకు) వచ్చింది గానీ, దాని కోసం వివరణలు, రుజువులు పంపుతూ కూర్చోవడం కన్నా మీరు తిరిగి వచ్చిన తేదీ చూసుకుని దానికి తగ్గట్టు దరఖాస్తు తేదీ మార్చుకోవడం తేలిక.

ఇక రోజుల లెక్క ఎలా వేయాలి? వెళ్ళిన రోజు, వచ్చిన రోజు రెండూ దేశంలో ఉన్న రోజులే. డిసెంబరు 10న బయలుదేరి జనవరి 10న దిగితే బయట ఉన్నది డిసెంబరు 11 నుంచి జనవరి 9 దాకా, అంటే 30 రోజులు. ఇక్కడే ఒక చిక్కుంది. ఈ దేశం నుంచి వెళ్ళేటప్పుడు పాస్‌పోర్టులో ముద్ర వేయరు. మన దగ్గర ఉండేది శంషాబాద్ ముద్ర. మీరు 10వ తేదీ మధ్యాహ్నం హీత్రూలో విమానం ఎక్కితే శంషాబాద్‌లో దిగేసరికి తెల్లవారుతుంది, ముద్ర మీద 11 పడుతుంది. తిరుగు ప్రయాణంలో దుబాయ్ మీదుగా రాత్రి విమానం పట్టుకుంటే శంషాబాద్ ముద్ర 9, మీరు ఇక్కడ దిగేది 10. ఫారంలో అడిగేది బ్రిటన్ వదిలిన తేదీ, బ్రిటన్‌కు వచ్చిన తేదీ. ముద్రలు చూసి నింపితే ప్రతి ప్రయాణంలో రెండు తేదీలూ తప్పు పడతాయి. 2015 నుంచి బయటికి వెళ్ళేవారి వివరాలు కూడా విమాన సంస్థల ద్వారా ప్రభుత్వానికి చేరుతున్నాయి, కాబట్టి మీ తేదీలు వారి తేదీలతో సరిపోవాలి. ముద్రను ఆధారంగా పెట్టుకోండి, తేదీని మాత్రం టికెట్టు ఈమెయిలులో చూసి రాయండి. ఈమెయిలు దొరకకపోతే ఆఫీసు సెలవుల రికార్డు, బ్యాంకు కార్డు ఖర్చులు పనికొస్తాయి. పారిస్‌కు వెళ్ళి వచ్చిన వారాంతాలు, ఆఫీసు పని మీద జర్మనీలో గడిపిన రెండు రోజులు కూడా రాయాల్సిందే. రెన్యువల్ అయినప్పుడు మూల కత్తిరించి ఇచ్చిన పాత పాస్‌పోర్టును ఎట్టి పరిస్థితుల్లోనూ పారేయకండి.

పరీక్షల సంగతి త్వరగా చెప్పేస్తాను. బ్రిటన్ చరిత్ర, జీవన విధానం మీద పెట్టే లైఫ్ ఇన్ ద యూకే పరీక్ష ఐఎల్ఆర్ కోసం రాసి ఉంటే మళ్ళీ రాయనక్కర్లేదు, దానికి గడువు లేదు. కొత్తగా రాసేవారికి 45 నిమిషాల్లో 24 ప్రశ్నలు, 18 సరైనవి రావాలి. రాజుల పేర్లు, యుద్ధాల సంవత్సరాలు చూసి ఇంట్లోవాళ్ళు బెదిరిపోతారు గానీ, అధికారిక పుస్తకం శ్రద్ధగా రెండుసార్లు చదివితే గట్టెక్కవచ్చు. ఇంగ్లిషుకు ఇక్కడి మాస్టర్స్ పట్టా చాలు. ఇండియా డిగ్రీ మాత్రమే ఉన్నవారు, ఇంగ్లిషు మీడియంలోనే చదివామని ఎంత చెప్పినా, విదేశీ డిగ్రీలను ఇక్కడి వాటితో పోల్చి చెప్పే ఈనిక్ సంస్థ ధ్రువీకరణ తెచ్చుకోవాలి, లేదా ఐఎల్ఆర్‌కు చూపిన పరీక్ష చూపాలి. 65 ఏళ్ళు నిండినవారికి రెండూ మినహాయింపు.

మీరెవరో తమకు తెలుసని దరఖాస్తులో సంతకం పెట్టే హామీదారుల (రెఫరీల) దగ్గర మనవాళ్ళు నిజంగా ఇబ్బంది పడతారు. ఇద్దరు కావాలి, ఇద్దరూ మిమ్మల్ని కనీసం మూడేళ్ళుగా ఎరిగినవారై ఉండాలి. ఒకరు టీచరు, నర్సు, అకౌంటెంటు, దంతవైద్యుడు వంటి గుర్తింపు పొందిన వృత్తిలో ఉండాలి, వారు ఏ దేశస్థులైనా పరవాలేదు. రెండోవారికి బ్రిటిష్ పాస్‌పోర్టు ఉండాలి, 25 ఏళ్ళు దాటి ఉండాలి లేదా అలాంటి వృత్తిలోనే ఉండాలి. మీకు బంధువులు కాకూడదు, వారిద్దరూ ఒకరికొకరు బంధువులు కాకూడదు. భార్యాభర్తలైన స్నేహితుల చేత సంతకాలు పెట్టించుకుందామనే ఆలోచన అక్కడే ఆగిపోతుంది. ఇక మన పరిచయాలంటారా, శనివారం క్రికెట్టు, దసరాకు బతుకమ్మ, సంక్రాంతికి హాలు అద్దెకు తీసుకుని చేసుకునే భోజనాలు. అందరూ మనలాగే వీసాల మీద ఉన్న సాఫ్ట్‌వేర్ వాళ్ళే. పక్కింటి పెద్దావిడ పలకరిస్తే తల ఊపి లోపలికి వెళ్ళిపోతాం. మూడేళ్ళ పరిచయం అన్నది దరఖాస్తు పెట్టే నెలలో తయారయ్యేది కాదు. పిల్లల బడిలో, కార్యాలయంలో, వీధిలో నలుగురితో మాట కలపడం ఐఎల్ఆర్ రాకముందే మొదలుపెట్టండి. ఇది కాగితం కోసమే చెబుతున్న మాట కూడా కాదు.

సత్ప్రవర్తన భాగంలో నేరాల గురించి మాత్రమే అడుగుతారనుకోవద్దు, పన్నులు కూడా అందులో భాగమే. ఇక్కడ నివాసం ఉండేవారు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడ చూపాలి. 2025 ఏప్రిల్ నుంచి, కొత్తగా వచ్చినవారికి ఇచ్చే మొదటి నాలుగేళ్ళ వెసులుబాటు దాటాక, బ్రిటన్‌కు తెచ్చుకోని డబ్బు అన్న మినహాయింపు కూడా లేదు. కూకట్‌పల్లి ఫ్లాటు అద్దె, ఎన్నార్వో (ఇండియా ఆదాయం వేసుకునే ఎన్నారైల ఖాతా) డిపాజిట్ల వడ్డీ, చివరికి ఇండియాలో పన్ను లేని ఎన్నార్‌ఈ (విదేశీ సంపాదన వేసుకునే ఖాతా) వడ్డీ కూడా ఇక్కడి లెక్కలోకి వస్తాయి. "అక్కడ టీడీఎస్ కట్ అయింది కదా" అంటారు. దాన్ని ఇక్కడి పన్నులోంచి తగ్గించుకోవచ్చు గానీ, చూపకుండా ఉండటానికి అది కారణం కాదు. దరఖాస్తుకు ముందే సెల్ఫ్ అసెస్‌మెంటులో (మీ ఆదాయం మీరే చూపే ఇక్కడి పన్ను రిటర్నులో) సరిచేసుకోండి.

రుసుము 2025 ఏప్రిల్‌లో 1,605 పౌండ్లు చేశారు, ప్రమాణ వేడుకకు మరో 130. పెంచితే సాధారణంగా ఏప్రిల్‌లోనే పెంచుతారు కాబట్టి కట్టే రోజున చూసుకోండి. తిరస్కరిస్తే ఆ రుసుము వెనక్కి రాదు, అందుకే ఇంతసేపు లెక్కల గురించి చెప్పింది.

పిల్లల విషయంలో అపోహలు ఎక్కువ. ఇక్కడ పుట్టినంత మాత్రాన బ్రిటిష్ కారు. పుట్టిన నాటికి తల్లిదండ్రుల్లో ఒకరికైనా ఐఎల్ఆర్ ఉంటే పుట్టుకతోనే పౌరులు, దరఖాస్తు అవసరం లేదు, నేరుగా పాస్‌పోర్టే. వీసాల మీద ఉండగా ఇక్కడ పుట్టిన బిడ్డను, మీలో ఒకరికి ఐఎల్ఆర్ వచ్చిన మరుక్షణం రిజిస్టర్ చేయించవచ్చు. మీ సిటిజన్‌షిప్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఇండియాలో పుట్టి మీతో వచ్చిన పిల్లలది వేరే సెక్షన్, అది అధికారుల విచక్షణ మీద నడుస్తుంది. సాధారణంగా తల్లిదండ్రులతో పాటు పెడతారు.

అంతా సవ్యంగా ఉంటే ఆరు నెలల్లోపు కబురు వస్తుంది. ఆ తర్వాత మూడు నెలల్లో కౌన్సిల్ హాల్లో ప్రమాణం చేయాలి. ఈ వేడుక పాతకాలపు సంప్రదాయం అనుకునేరు, 2004లో లండన్‌లోని బ్రెంట్‌లో మొదలైంది. దేవుడి పేరుతో వద్దనుకునేవారికి వేరే ప్రమాణ వాక్యం ఉంది. అసలు జాగ్రత్త ఇక్కడి నుంచే. ప్రమాణం చేసిన క్షణంలో, 1955 నాటి మన పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం, మీ భారత పౌరసత్వం దానంతట అదే పోతుంది. చేతిలో ఉన్న ఇండియా పాస్‌పోర్టుతో ఆ తర్వాత ప్రయాణం చేస్తే నేరం. అదే సమయంలో మీ ఐఎల్ఆర్ కూడా ముగిసిపోతుంది, బ్రిటిష్ పాస్‌పోర్టు ఇంకా రాలేదు. ఆ కొన్ని వారాలు మీరు ఎక్కడికీ కదలలేరు. ఇంట్లో పెద్దవాళ్ళ ఆరోగ్యం బాగోలేదనో, చెల్లెలి పెళ్ళి దగ్గర పడిందనో ఉంటే ఆ మూడు నెలల గడువు వాడుకోండి. ఇండియా వెళ్ళి వచ్చి తర్వాతి తేదీకి వేడుక పెట్టించుకోండి. ప్రమాణం చేయనంత వరకు మీరు ఐఎల్ఆర్ ఉన్న భారతీయులే, రాకపోకలకు అడ్డం లేదు.

తర్వాతి వరుస మార్చకూడదు. ముందు బ్రిటిష్ పాస్‌పోర్టు. దానికి పౌరసత్వ సర్టిఫికెట్టుతో పాటు ఇండియా పాస్‌పోర్టు కూడా పంపాలి, రెండింటిలో పేరు ఒక్కలాగే ఉండాలి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే చోట ఉన్నవారు, పెళ్ళయ్యాక ఒకచోట మార్చుకుని మరోచోట మార్చుకోని ఆడపిల్లలు దరఖాస్తుకు ముందే ఇండియా పాస్‌పోర్టులో సరిచేయించుకోవాలి. తర్వాతైతే చేయించుకోవడానికి మీరు భారత పౌరులు కారు. బ్రిటిష్ పాస్‌పోర్టు వచ్చాక పాతదాన్ని అప్పగించి సరెండర్ సర్టిఫికెట్టు తీసుకోవాలి, అది ఉంటేనే ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇండియా ఇచ్చే కార్డు). టికెట్లు ఓసీఐ చేతికొచ్చాకే కొనండి.

ఇంత చేసి తీసుకోవడం అవసరమా అని అడిగేవారికి నా సమాధానం: మీరు రెండేళ్ళకు పైగా ఏకధాటిగా బయట ఉండాల్సి వస్తే ఐఎల్ఆర్ పోతుంది, పౌరసత్వం పోదు. అమ్మానాన్నల దగ్గర ఉండాల్సిన రోజులు దగ్గర పడుతున్నవారు ఈ ఒక్క కారణానికే ఆలోచించవచ్చు. అలాంటి అవసరం లేదు, ఓటు హక్కు, భారత పౌరసత్వం వదులుకోవాలని లేదు అనుకుంటే ఐఎల్ఆర్‌తోనే ఉండిపోవడంలో తప్పేమీ లేదు.

ఇక పొలం. పౌరసత్వం మారితే ఊళ్ళో భూమి పోతుందన్న భయం నాతో చాలామంది అన్నారు. ఓసీఐ ఉన్నవారు వ్యవసాయ భూమి కొనకూడదు, నిజమే. కానీ భారత పాస్‌పోర్టుతో ఎన్నారైగా ఉన్న ఇన్నేళ్ళూ మీరు కొనకూడదు, ఆ నిబంధన ఇద్దరికీ ఒకటే. వారసత్వంగా రావడానికి అడ్డం లేదు. నాన్నగారు పొలాన్ని గిఫ్ట్ డీడ్‌గా మీ పేర రాస్తానంటే వద్దని చెప్పండి, అది చెల్లదు. వీలునామా రాయమనండి.