డిగ్రీకే రూ.12 లక్షలు పెట్టకండి, ఎమ్మెస్సీకి దాచండి

ప్రశ్న: మాది నల్గొండ. మావారు ప్రైవేటు కంపెనీలో అకౌంటెంట్, నేను ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. ఇద్దరికీ కలిపి నెలకు రూ.62 వేలు వస్తుంది. ఇంటి ఖర్చు, బాబు స్కూలు ఫీజు కలిపి రూ.45 వేలు అవుతుంది. రూ.5 లక్షల చిట్టీ ఉంది, నెలకు రూ.10 వేలు కడుతున్నాం, ఇంకా 20 నెలలు ఉంది. పాప పేర సుకన్య సమృద్ధిలో నెలకు రూ.2 వేలు వేస్తూ వచ్చాం, ఇప్పుడు రూ.3.6 లక్షలు అయింది. రూ.4 లక్షల ఎఫ్‌డీ, పాప పెళ్లికని దాచిన బంగారం ఉన్నాయి. పాప ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. ఫోరెన్సిక్ సైన్స్ తప్ప ఇంకేదీ చదవనంటోంది. వేరే రాష్ట్రంలోని ఒక ప్రైవేటు యూనివర్సిటీలో నాలుగేళ్ల బీఎస్సీ ఫోరెన్సిక్ సీటు వచ్చింది. ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి రూ.3 లక్షలు. కన్సల్టెన్సీ వాళ్లు 11.5 శాతం వడ్డీకి రూ.10 లక్షల లోన్ ఇప్పిస్తామంటున్నారు. 30వ తేదీలోపు సీటు కోసం రూ.25 వేలు కట్టాలట. చిట్టీ పాడుకుందామా అని మావారు అడుగుతున్నారు, ఇప్పుడు పాడితే లక్షా పాతిక వేలు పోతాయి. బాబు పదో తరగతికి వస్తున్నాడు. ఆడపిల్లకు ఈ చదువేంటి, శవాల దగ్గర ఉద్యోగమేంటి అని బంధువులు అంటుంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు బంధువుల మాట సంగతి చూద్దాం. పోస్టుమార్టం చేసేది డాక్టరు. ఎంబీబీఎస్ అయ్యాక ఫోరెన్సిక్ మెడిసిన్‌లో ఎండీ చేసినవాళ్ల దారి అది. ఫోరెన్సిక్ సైంటిస్టు పని చాలావరకు ల్యాబులోనే. పురుగుమందు తాగి చనిపోయారన్న కేసులు మీ జిల్లాలో ఎన్నో విని ఉంటారు. శరీర భాగాల నుంచి తీసిన నమూనాలను ఉప్పునీటి సీసాల్లో పెట్టి సీలు వేసి ల్యాబుకు పంపుతారు. వాటిలో ఏ విషం ఉందో తేల్చేది అక్కడి టాక్సికాలజీ వాళ్లు. మనిషి తానే తాగాడా, ఎవరైనా తాగించారా అన్న విచారణ ఆ రిపోర్టు దగ్గరే మలుపు తిరుగుతుంది. మీ పాప కోరుకుంటున్నది గౌరవమున్న పని. అందుకని చదువు మార్చుకోమని నేను చెప్పను.

పైగా ఈ రంగానికి మంచి రోజులు వస్తున్నాయి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన నేర విచారణ చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176వ సెక్షన్ ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేర స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి. రాష్ట్రాలు దీన్ని అయిదేళ్లలోగా అమల్లోకి తేవాలి. అదే ఏడాది జూన్‌లో కేంద్రం ఫోరెన్సిక్ మౌలిక సదుపాయాల కోసం 2028-29 వరకు రూ.2,254.43 కోట్ల పథకాన్ని ఆమోదించింది. ల్యాబులు పెరుగుతాయి, మనుషులు కావాలి.

అయితే కావాల్సింది ఎక్కువగా ఎమ్మెస్సీ చదివినవాళ్లు. మీ డబ్బు లెక్క మొత్తం ఈ ఒక్క మాట మీద ఆధారపడి ఉంది. కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబుల్లో సైంటిస్ట్-బి పోస్టు యూపీఎస్సీ ద్వారా భర్తీ చేస్తారు. ఏడో వేతన సంఘం లెక్కన బేసిక్ రూ.56,100తో మొదలవుతుంది, డీఏ, హెచ్ఆర్ఏ అదనం. దానికి పీజీ కావాలి, కొన్నేళ్ల అనుభవం కూడా అడుగుతారు. ఆ ల్యాబుల్లో ఒకటి మన రామంతాపూర్‌లోనే ఉంది. రాష్ట్ర ల్యాబు రెడ్‌హిల్స్‌లో ఉంది, దానికి నియామకాలు పోలీసు నియామక మండలి ద్వారా జరుగుతాయి. పోస్టులు పదుల్లోనే ఉంటాయి, ఒక నోటిఫికేషన్‌కూ ఇంకోదానికీ మధ్య ఏళ్లు గడిచిపోతాయి. ఆ పోస్టుల్లో కూడా కెమికల్, బయాలజీ, ఫిజికల్, కంప్యూటర్స్ అని విభాగాలుంటాయి, ఏ విభాగానికి ఏ సబ్జెక్టు చదివి ఉండాలో విడివిడిగా రాస్తారు. సర్టిఫికెట్ మీద ఫోరెన్సిక్ అన్న పేరుంటే చాలు, అన్నిటికీ అర్హత వచ్చేస్తుందని అనుకోకండి. నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబంలో అబ్బాయి మూడేళ్లు ఫోరెన్సిక్ డిగ్రీ చదివాడు. కెమిస్ట్రీ ప్రధాన సబ్జెక్టుగా లేకపోవడంతో దరఖాస్తు దగ్గరే ఆగిపోయాడు. వాళ్ల నాన్నగారు అప్పటికే పొలం మీద అప్పు తెచ్చి ఫీజులు కట్టారు. ఆ రోజు ఆయన ముఖం నాకింకా గుర్తుంది, అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు కన్సల్టెన్సీ వాళ్ల లోన్ చూద్దాం. రూ.10 లక్షలు ఒకేసారి రావు, ఏడాదికి రూ.2.5 లక్షల చొప్పున నాలుగేళ్లు వస్తాయి. చదువు అయ్యాక మరో ఏడాది వరకు కిస్తీ ఉండదు, కానీ వడ్డీ మొదటి రోజు నుంచే పడుతుంది. 11.5 శాతం సాధారణ వడ్డీ వేసినా, కిస్తీ మొదలయ్యే నాటికి వడ్డీ ఒక్కటే రూ.4 లక్షలు దాటుతుంది. అంటే అప్పటికి మీ బాకీ రూ.14 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు రూ.19,700 కిస్తీ, మొత్తం కట్టేది రూ.23 లక్షల పైనే. బీఎస్సీతో ప్రైవేటు ల్యాబులో చేరిన అమ్మాయికి మొదట్లో రూ.20 వేల జీతం వచ్చిందనుకుందాం, అదంతా కిస్తీకే పోతుంది. పైగా ఆమెకు అప్పుడు ఎమ్మెస్సీ చదవాల్సిన అవసరం ఉంటుంది, దానికి చేతిలో రూపాయి ఉండదు. ఎడ్యుకేషన్ లోన్‌లో మీ ఇద్దరిలో ఒకరు సహ రుణగ్రహీతగా సంతకం పెట్టాలి. కిస్తీ తప్పితే మీ సిబిల్ స్కోరు కూడా పడిపోతుంది. లోన్ వడ్డీ మీద పన్ను మినహాయింపు ఉంటుందని వాళ్లు చెప్పి ఉంటారు. అది పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే.

ఇంకో విషయం మీరు గమనించారో లేదో. బాబు పదికి వస్తున్నాడంటే, సరిగ్గా మూడేళ్లకు ఇంటర్ పూర్తి చేస్తాడు. ఆ జూన్‌లో పాప ఇంకా నాలుగో ఏడు ఫీజు కట్టాల్సి ఉంటుంది, బాబు కాలేజీ ఫీజు కూడా అప్పుడే. ఇద్దరి ఫీజులూ ఒక్క నెలలో వచ్చి పడతాయి.

కాబట్టి నేనైతే ఇలా చేస్తాను. పాపను దోస్త్ (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాలు) ద్వారా హైదరాబాద్‌లోనో నల్గొండలోనో మంచి ప్రభుత్వ కాలేజీలో బీఎస్సీలో చేర్చండి. బీజడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) కావచ్చు, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ కావచ్చు, కానీ పక్కన కెమిస్ట్రీ తప్పకుండా ఉండాలి. హాస్టల్‌తో కలిపి ఏడాదికి రూ.80 వేలు పెట్టుకున్నా మూడేళ్లకు రూ.2.4 లక్షలు. తర్వాత ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్స్. ఉస్మానియాలో ఉంది. గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ అయితే ఇంకా మంచిది. పార్లమెంటు 2020లో చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాధాన్య సంస్థను చేసింది. ఢిల్లీ, గోవా, త్రిపుర వంటి చోట్ల కూడా క్యాంపస్‌లు ఉన్నాయి, సీటు ప్రవేశ పరీక్ష ద్వారా వస్తుంది. రెండేళ్లకు రూ.5 లక్షలు అనుకుందాం. ఆ తర్వాత రెండేళ్లు పోటీ పరీక్షలకు చదువుకోవడానికి నెలకు రూ.12 వేల చొప్పున రూ.2.88 లక్షలు. ఈ చివరి ఖర్చు చాలామంది లెక్కలోనే వేసుకోరు, కానీ ఈ రంగంలో ప్రభుత్వ ఉద్యోగం కావాలంటే ఎదురుచూసే కాలానికి కూడా డబ్బు కావాలి. మొత్తం కలిపితే రూ.10.3 లక్షలు. ఆ ప్రైవేటు యూనివర్సిటీ వట్టి బీఎస్సీకి అడుగుతున్న దానికన్నా తక్కువే.

డబ్బు ఎక్కడి నుంచి అంటారా? ఎఫ్‌డీలో రూ.2 లక్షలు అత్యవసరానికి కదలకుండా ఉంచండి. మిగతా రూ.2 లక్షలు, నెలనెలా మిగిలే దాంట్లోంచి మూడేళ్లలో రూ.40 వేలు కలిపితే డిగ్రీ అయిపోతుంది. చిట్టీ ఇప్పుడు పాడకండి. లక్షా పాతిక వేలు వదులుకునేంత అవసరం ఇప్పుడు మీకు లేదు. 20 నెలలు ఆగితే కమీషన్ పోగా సుమారు రూ.4.75 లక్షలు చేతికొస్తాయి, వాటిని అలాగే ఎఫ్‌డీలో వేయండి. చిట్టీ అయిపోయిన మరుసటి నెల నుంచి ఆ రూ.10 వేలు ఆర్‌డీలో కట్టడం మొదలుపెట్టండి. కట్టే అలవాటు ఎలాగూ ఉంది కాబట్టి కష్టం అనిపించదు.

సుకన్య ఇప్పుడు తీయొద్దు. 8.2 శాతం వడ్డీ, దాని మీద పన్ను కూడా లేదు, అలాంటిది మళ్లీ దొరకదు. పై చదువుకు, అంతకుముందు ఆర్థిక సంవత్సరం చివర ఖాతాలో ఉన్న దాంట్లో సగం వరకు, ఫీజు రసీదు చూపి తీసుకోవచ్చు. నెలకు రూ.2 వేలు వేస్తూనే ఉంటే, వడ్డీ రేటు ఇలాగే ఉంటే, మూడేళ్లకు ఖాతాలో రూ.5 లక్షలు దాటుతాయి. అందులో సగం, చిట్టీ డబ్బులో సగం పాప ఎమ్మెస్సీకి వాడితే, చిట్టీలో మిగతా సగం, అప్పటికి ఆర్‌డీలో చేరిన లక్షా అరవై వేలు బాబు కాలేజీకి వస్తాయి. అప్పు లేకుండానే ఇద్దరి చదువూ సాగుతుంది. బంగారం జోలికి వెళ్లకండి.

ఎమ్మెస్సీకి గాంధీనగర్ సీటు వచ్చి, డబ్బు కాస్త తగ్గితే అప్పుడు లోన్ తీసుకోండి. పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపిక చేసిన సంస్థల్లో చదివేవాళ్లకు తాకట్టు, హామీ లేకుండా ఇస్తారు, కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఆ జాబితాలోకి వస్తాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.8 లక్షల లోపు ఉంటే, రూ.10 లక్షల వరకు రుణం మీద చదువుతున్న కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. మీ ఆదాయం ఏడాదికి రూ.7.44 లక్షలు. రాయితీ పొందేవాళ్ల సంఖ్యకు ఏటా పరిమితి ఉంది కాబట్టి సీటు రాగానే దరఖాస్తు పెట్టండి. కన్సల్టెన్సీ మధ్యలో అక్కర్లేదు, పోర్టల్‌లో మీరే పెట్టుకోవచ్చు.

కెమిస్ట్రీ అని ఇంతగా పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. విషాన్ని గుర్తించే క్రొమటోగ్రఫీ యంత్రాలు మందుల కంపెనీల క్వాలిటీ కంట్రోల్ విభాగాల్లోనూ ఉంటాయి. మీకు దగ్గర్లోని చౌటుప్పల్ వైపు ఫార్మా కంపెనీలు ఉన్నాయి కదా. ప్రభుత్వ నోటిఫికేషన్ ఆలస్యమైతే ఆ ఎదురుచూపు కాలంలో పాప అక్కడ జీతం తీసుకుంటూ అదే పనిలో చెయ్యి తిప్పుకోవచ్చు. యూజీసీ నెట్‌లో ఫోరెన్సిక్ సైన్స్ సబ్జెక్టుగా ఉంది. అందులో జేఆర్ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37 వేలు ఇస్తారు, పీహెచ్‌డీ, అధ్యాపక ఉద్యోగం అటు నుంచి. ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం) ఉంది, మన దేశంలో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్‌కు బాట వేసిన లాల్జీ సింగ్ గారు పనిచేసిన ఊరు మన హైదరాబాద్. పాపకు ఈ మాట చెప్పండి, సంతోషిస్తుంది. సైబర్ ఫోరెన్సిక్స్‌లో కూడా అవకాశాలు బాగున్నాయి కానీ అటు ఎక్కువగా కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లు వెళ్తున్నారు, బైపీసీ పిల్లకు బయాలజీ, టాక్సికాలజీ వైపే సులువు.

పాప ఒప్పుకోకపోవచ్చు. ఫోరెన్సిక్ అన్న పేరున్న డిగ్రీ ఇప్పుడే చేతికి రావాలని ఆ వయసులో ఎవరికైనా ఉంటుంది. వద్దని కోప్పడకండి. గతంలో వచ్చిన రాష్ట్ర ల్యాబు నోటిఫికేషన్ డౌన్‌లోడ్ చేసి, అర్హతల పేజీ ఆమెతోనే చదివించండి. ఏ విభాగంలో చేరాలనుకుంటోందో ఆమెనే గుర్తు పెట్టమనండి. ఆ ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు నూరు శాతం ప్లేస్‌మెంట్ అంటే, కిందటేడు పాసైనవాళ్ల ఆఫర్ లెటర్లు చూపించమనండి, రూ.25 వేలు తిరిగి ఇస్తారో లేదో రాసి ఇవ్వమనండి. మీవారి పేర ఒక టర్మ్ ఇన్సూరెన్స్ కూడా ఈ నెలలోనే తీసుకోండి. ఇంట్లో ఎక్కువ సంపాదన ఆయనదే, మీ ఉత్తరంలో దాని ప్రస్తావన కనిపించలేదు. 30వ తేదీ గురించి కంగారు పడకండి. ఆ రూ.25 వేలు కట్టకుండా, పాప ఇంటర్ మార్కుల మెమో, టీసీ పట్టుకుని ముందు దోస్త్ రిజిస్ట్రేషన్ చేయించండి.