మొక్క కంటే ముందు మట్టి

అమ్మలూ,

కొత్త ఫ్లాట్‌లో చేరారని, బాల్కనీ నింపడానికి ఆన్‌లైన్‌లో మొక్కలు, కుండీలు, మట్టి సంచులు అన్నీ ఒకేసారి ఆర్డర్ పెట్టబోతున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషమే. కానీ ఆ ఆర్డర్‌ని మృగశిర కార్తె దాకా ఆపు తల్లీ. ఉగాది ఇప్పుడే వెళ్ళింది. నర్సరీలో నీడవల కింద పెరిగిన మొక్కని తెచ్చి ఈ ఎండల్లో పడమటి బాల్కనీలో పెడితే రోహిణి కార్తె దాటదు. అది ఎండిపోతే ఇంకోటి కొంటావు. ఎక్కడినుంచో లారీలో వచ్చిన మొక్క, దాని ప్లాస్టిక్ కుండీ, అట్టపెట్టె అన్నీ చెత్తలోకే పోతాయి. మొక్కల వల్ల భూమికి మేలా చెరుపా అన్నది వాటికోసం ఏం కొంటున్నాం, ఏం పారేస్తున్నాం అన్నదాన్ని బట్టే ఉంటుంది.

గది గాలి శుభ్రం చేస్తాయని కొన్ని మొక్కలు ఎక్కువ ధరకి అమ్ముతున్నారు. 1989లో నాసా వాళ్ళు మూసేసిన చిన్న పెట్టెల్లో చేసిన పరీక్ష నుంచి పుట్టిన మాట అది. మనుషులుండే ఇంట్లో కిటికీ తెరిస్తే వచ్చేంత ఫలితం మొక్కలతో రావాలంటే చదరపు మీటరుకి కనీసం 10 మొక్కలు, లెక్క మారితే 1000 దాకా కావాలని 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు పాత పరీక్షలన్నీ తిరగేసి తేల్చారు. కాబట్టి ఇష్టమైతే పెంచుకో, గాలి శుభ్రమవుతుందని మాత్రం డబ్బు పెట్టకు.

ఈ రెండు నెలల్లో నువ్వు చెయ్యాల్సింది ఎరువు. మీ ఇంటి తడిచెత్త డంపింగ్ యార్డుకి పోయి గుట్టల కింద గాలి ఆడకుండా కుళ్ళితే మీథేన్ వస్తుంది. ఇరవై ఏళ్ళ లెక్కన చూస్తే అది బొగ్గుపులుసు వాయువు కంటే 80 రెట్లు ఎక్కువ వేడి పుట్టిస్తుంది. అదే తొక్కలు నీ బాల్కనీలో గాలి తగులుతూ మాగితే మట్టవుతాయి. పాత పెయింటు బకెట్లు రెండు బాగా కడిగి, చుట్టూరా, అడుగున బెజ్జాలు పెట్టించు. అడుగున కొబ్బరిపీచు పరిచి, కూరగాయల తొక్కలు, కాఫీపిప్పి, వాడిన పూలు వేస్తూ ఉండు. వేసిన ప్రతిసారీ దానికి రెట్టింపు ఎండాకు పైన కప్పాలి. అందరూ తప్పేది ఇక్కడే. ఎండాకు తక్కువైతే నీరు కారి కంపు కొడుతుంది, పురుగులు లుకలుకలాడతాయి. అప్పుడు కంగారుపడి పారబోయకు, ఇంకో నాలుగు గుప్పిళ్ళు ఎండాకు వేసి కర్రతో అడుగుదాకా కలుపు, రెండు రోజుల్లో సర్దుకుంటుంది. మొదట్లో కాస్త పుల్లమజ్జిగ చల్లితే త్వరగా మాగుతుంది. నూనె కూరలు, చేపముక్కలు వెయ్యకు. కానుగ చెట్లు ఆకు రాల్చే రోజులివి. మీ అపార్ట్‌మెంట్‌లో ఊడ్చేవాళ్ళు ఆ ఆకంతా కుప్పేసి తగలబెట్టకముందే రెండు గోనెసంచులకి ఎత్తి పెట్టమని అడుగు. రెండు మూడు నెలలకి తొక్కా తోలూ ఆనవాలు లేకుండా నల్లగా పొడిపొడిగా అవుతుంది. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు.

మట్టి సంచుల మీద పీట్ మాస్ అని ఉంటే తీసుకోకు. అది చిత్తడి నేలల్లో నాచు సగం కుళ్ళి, ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పేరుకునేది. ఆ నేలలు భూమ్మీది మొత్తం నేలలో 3 శాతమే అయినా ప్రపంచంలోని అడవులన్నిటికన్నా ఎక్కువ కార్బన్‌ని దాచుకున్నాయి. తవ్వితే అదంతా గాల్లో కలుస్తుంది. కోనసీమ కొబ్బరిపొట్టు మనకుండగా ఆ ఖర్మ దేనికి? ఆ పొట్టునే అచ్చుపోసి అమ్మే కోకోపీట్ ఇటుకని నానబెట్టి, ఉప్పు పోయేలా రెండు మూడుసార్లు నీళ్ళు మార్చి పిండు. ఎర్రమట్టి, ఎరువు, కోకోపీట్ సమపాళ్ళలో కలిపి కాస్త వేపపిండి వెయ్యి, చాలు. తడిసిన మట్టి చాలా బరువు, పెద్ద తొట్లు గోడవారనే పెట్టు.

బియ్యం, పప్పు కడిగిన నీళ్ళు, ఏసీ నీళ్ళు మొక్కలకి పోసుకో. ఫిల్టరు వదిలేసే నీళ్ళలో ఉప్పు ఎక్కువ, అవి ఇల్లు తుడవడానికి వాడు. పిండినల్లి పడితే లీటరు నీళ్ళలో అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున కొట్టు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా. వద్దనుకున్న మొక్కల్ని, ముఖ్యంగా నీటిమొక్కల్ని, చెరువులో పడెయ్యకు. మన చెరువుల్ని కప్పేసిన గుర్రపుడెక్క దక్షిణ అమెరికాది, పువ్వు అందంగా ఉందనే తెచ్చుకున్నారు.

ముందు తినేవి వెయ్యి. తోటకూర, గోంగూర గింజలు చల్లితే నెలా నెలన్నరలో కూరకొస్తాయి. ఆకుకూర కట్టలకి చుట్టే కవర్లూ తగ్గుతాయి. పుదీనా కాడలు కొనకు, కూరకి తెచ్చిన కట్టలో ముదురువి గుచ్చితే చాలు. పూలమొక్కలు కావాలంటే జూన్‌లో మనిద్దరం కడియం నర్సరీలకి వెళ్దాం. నల్ల కవర్లన్నీ అక్కడే విప్పించి తిరిగిచ్చేద్దాం.

వేసవి సెలవులకి పిల్లలతో వస్తావుగా, తీగబచ్చలి ముక్కలు, నాటుబెండ గింజలు తీసిపెడతాను. వచ్చేటప్పుడు ఖాళీ పెరుగు డబ్బాలుంటే పారెయ్యకుండా పట్టుకురా, నారు పోసి ఇస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ