బాబు ఫైలు దాచకండి, వెంట తీసుకెళ్ళండి

గత నెల నల్లకుంటలో అమ్మ దగ్గర ఉన్న రోజుల్లో, మా వీధిలోనే ఉండే ఒక కుటుంబం సాయంత్రం పూట ఇంటికి వచ్చింది. ఆ ఇంటి అబ్బాయికి హెచ్-1బీ వీసా మీద న్యూజెర్సీలో ఉద్యోగం ఖాయమైంది. ఇంకో ఆరు వారాల్లో భార్యాబిడ్డలతో సహా ప్రయాణం. వాళ్ళ బాబుకు మూడున్నరేళ్ళు. వచ్చినప్పటి నుంచి వాడు మా అమ్మ కుట్టుమిషను పక్కన కూర్చుని, చక్రాన్ని మెల్లగా తిప్పుతూ, అది ఆగేదాకా చూస్తూ, మళ్ళీ తిప్పుతూ ఉన్నాడు. వాడి తల్లి, ఆ ఇంటి కోడలమ్మాయి చేతిలో ఒక ఫైలు ఉంది. అందులో ఆటిజం అని నిర్ధారించిన రిపోర్టు, స్పీచ్ థెరపీ కాగితాలు ఉన్నాయి. "అక్కా, ఈ ఫైలు అక్కడికి తీసుకెళ్ళకుండా ఉంటేనే మంచిదేమో కదా? కొత్త దేశం, కొత్త స్కూలు. ఎవరికీ చెప్పకుండా మొదలుపెడితే వాడి మీద ఆ ముద్ర పడదు కదా?" అని అడిగింది.

ఇదే ప్రశ్న నన్ను ఇంతకుముందు కూడా కొందరు తెలుగు తల్లులు అడిగారు. ఆ అమ్మాయికి చెప్పిన సమాధానాన్నే, ప్రయాణానికి సిద్ధమవుతున్న మిగతావారి కోసం, ఇంకొంచెం వివరంగా ఇక్కడ రాస్తున్నాను. ఫైలు దాచవద్దని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, నేను దాచాను కనుక. మేము అమెరికాలో ఉండగా, మా అబ్బాయికి రెండున్నరేళ్ళు ఉన్నప్పుడు అక్కడి పిల్లల డాక్టరు ఆటిజం అనుమానం ఉందని, పరీక్ష చేయించమని చెప్పారు. ఇంటికి ఫోను చేస్తే, "వాళ్ళ నాన్నకూ నాలుగేళ్ళకు గాని మాటలు రాలేదు, కంగారు పడకు" అన్నారు. నాకు ఆ మాట నమ్మడం సులువుగా ఉంది, అందుకే నమ్మాను. డాక్టరు ఇచ్చిన కాగితాన్ని బీరువాలో పెట్టి పద్నాలుగు నెలలు గడిపాను. అమెరికాలో మూడేళ్ళలోపు పిల్లలకు థెరపిస్టులను ఇంటికే పంపే ఎర్లీ ఇంటర్వెన్షన్ పథకం ఉంది. మేము కళ్ళు తెరిచేసరికి మా వాడికి ఆ వయసు దాటిపోయింది. ఇప్పుడు వాడికి పందొమ్మిదేళ్ళు. ఆ పద్నాలుగు నెలలు ఈ రోజుకీ నాకు గుర్తుకొస్తూనే ఉంటాయి.

ఆ అమ్మాయితో వాళ్ళ అత్తగారు కూడా వచ్చారు. ఆవిడ మాటల్లో కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది: ఫోను చూపించినందుకా, కడుపుతో ఉన్నప్పుడు కోడలు ఉద్యోగం చేసినందుకా, టీకా వేయించినందుకా అని ఒకదాని తర్వాత ఒకటి అడిగారు. తల్లిని దోషిగా నిలబెట్టడం మన దేశంలో మాత్రమే జరిగిన పొరపాటు అనుకోకండి. 1943లో లియో కానర్ అనే వైద్యుడు పదకొండు మంది పిల్లల గురించి రాసి ఈ స్థితిని వివరించిన తరువాత, తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే బిడ్డ ఇలా అవుతాడని రెండు దశాబ్దాల పాటు అమెరికా వైద్యులే నమ్మారు. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తానే ఒక ఆటిజం ఉన్న బాబుకు తండ్రి, ఆ వాదాన్ని ఆధారాలతో ఎదిరించాడు. ఆటిజం మెదడు ఎదుగుదలకు సంబంధించినదని, అందులో జన్యువుల పాత్ర చాలా పెద్దదని ఇప్పుడు తెలుసు. టీకాల భయానికి మూలమైన 1998 నాటి వ్యాసాన్ని అచ్చువేసిన లాన్సెట్ పత్రికే 2010లో దాన్ని రద్దు చేసింది. ఇవన్నీ ఆవిడకు చెప్పాను. అమెరికాలో 2022 లెక్కల ప్రకారం ఎనిమిదేళ్ళ పిల్లల్లో 31 మందికి ఒకరు ఆటిజంతో గుర్తింపు పొందారని కూడా చెప్పాను. అంటే వీళ్ళ బాబు చేరబోయే స్కూల్లో వాడే మొదటివాడు అయ్యే అవకాశం దాదాపు లేదు. టీచర్లకు ఇది కొత్త కాదు.

స్కూలు సంగతి ముఖ్యమైనది కనుక కొంచెం నిదానంగా చదవండి. హైదరాబాదులో ఈ బాబును రెండు ప్లేస్కూళ్ళు చేర్చుకోలేదు. మూడోది చేర్చుకుంటూ, వెంట ఒక ఆయాను మీరే జీతమిచ్చి పంపాలంది. ఆ అనుభవంతో వెళ్ళేవాళ్ళు అక్కడ కూడా స్కూలు ముందు చేతులు కట్టుకుని నిలబడతారు. అక్కడి పరిస్థితి వేరు. 1975లో వచ్చిన చట్టం, 1990లో ఐడియా అన్న పేరుతో, ఆటిజాన్ని కూడా ప్రత్యేకంగా చేర్చుకుని, మూడేళ్ళ నుంచి ఇరవై ఒకటో ఏడు వరకు వైకల్యం ఉన్న ప్రతి బిడ్డకూ ప్రభుత్వ బడిలో ఉచితంగా తగిన చదువు చెప్పవలసిన బాధ్యతను స్కూల్ డిస్ట్రిక్ట్ మీద, అంటే ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ మీద పెట్టింది. ఈ హక్కుకు తండ్రి వీసాతో సంబంధం లేదు. ఏ వీసా ఉందన్న కారణంతో, అసలు వీసాయే లేదన్న కారణంతో కూడా, పిల్లలను ప్రభుత్వ బడి నుంచి వెళ్ళగొట్టకూడదని అక్కడి సుప్రీం కోర్టు 1982లోనే తీర్పు చెప్పింది. మూడున్నరేళ్ళ వాడికి కిండర్‌గార్టెన్ వయసు రాలేదు కదా అని ఆగవద్దు. మూడు నిండితే చాలు, డిస్ట్రిక్ట్ చూడవలసిందే.

ఇల్లు ఖాయమైన వెంటనే, ఆ ఇంటి చిరునామా ఏ డిస్ట్రిక్ట్ కిందికి వస్తుందో కనుక్కుని, ప్రత్యేక విద్య విభాగానికి ఒక ఉత్తరం రాయాలి. నోటితో చెబితే చాలదు. రాతపూర్వకంగా, తేదీ వేసి రాయాలి. న్యూజెర్సీలో అయితే ఆ ఉత్తరం అందిన 20 రోజుల్లో వాళ్ళు మిమ్మల్ని పిలిచి మాట్లాడాలి. మీరు అంగీకార పత్రం మీద సంతకం చేసిన రోజు నుంచి 90 రోజుల్లో పరీక్షలు పూర్తి చేసి, బాబుకు ఏమేమి ఇస్తారో ఒక ప్రణాళికగా రాసి, అమలు మొదలుపెట్టాలి. వేరే రాష్ట్రాల్లో ఈ గడువులు వేరుగా ఉంటాయి. రాష్ట్రం తన గడువు పెట్టుకోని చోట పరీక్షలకు సమాఖ్య చట్టం చెప్పిన 60 రోజులు వర్తిస్తాయి. బాబుకు ఏమేమి ఇస్తారో రాసే ఆ ప్రణాళికనే ఐఈపీ అంటారు. వారానికి ఎన్నిసార్లు స్పీచ్, ఎన్ని నిమిషాలు, ఆక్యుపేషనల్ థెరపీ ఉందా, తరగతిలో పక్కన సహాయకురాలు ఉండాలా అన్నవన్నీ అందులో ఉండాలి. అందులో రాసిన సహాయకురాలి జీతం డిస్ట్రిక్ట్ భరిస్తుంది. "చూస్తాం, చేస్తాం" అన్న మాట ఎంత మర్యాదగా చెప్పినా, కాగితం మీద లేకపోతే దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ఐఈపీ కోసం డిస్ట్రిక్ట్ పెట్టే సమావేశంలో అయిదారుగురు ఉద్యోగులు ఒకవైపు, మీరిద్దరూ మరోవైపు కూర్చుంటారు. వాళ్ళు చాలా మృదువుగా మాట్లాడతారు. మనకు టీచర్ల మాట కాదనడం అలవాటు లేదు కనుక, చదవకుండానే సంతకం చేసి వచ్చేస్తాం. నేను మొదటి ఏడాది అలాగే చేశాను. ఇంటికి తెచ్చుకుని చదువుతామని చెప్పవచ్చు, అర్థం కానిదాన్ని మళ్ళీ అడగవచ్చు, తెలుగు దుబాసీ కావాలని కూడా కోరవచ్చు. ఇంగ్లిష్ ఉద్యోగానికి సరిపోయినంత మాత్రాన ఆ కాగితాల్లోని ఇంగ్లిష్ అర్థమవుతుందని లేదు. దుబాసీని అడగడం చిన్నతనం అనుకోవద్దు. కన్సల్టెన్సీ ఉద్యోగాల వల్ల ఏడాదికో ఊరు మారేవాళ్ళు ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి: కొత్త డిస్ట్రిక్ట్, అది వేరే రాష్ట్రంలో ఉన్నా సరే, తన పరీక్షలు పూర్తిచేసేదాకా పాత ఐఈపీతో పోల్చదగిన సేవలు ఇవ్వాలి. ఆ కాగితం చేతిలో లేనివాళ్ళకు ప్రతి ఊళ్ళోనూ అంతా మొదటి నుంచే.

బడి బయట చేయించే థెరపీకి ఇన్సూరెన్స్ కావాలి. అన్ని రాష్ట్రాల్లోనూ ఆటిజం చికిత్సకు బీమా చట్టాలు ఉన్నాయి, కాని పెద్ద కంపెనీలు సొంత డబ్బుతో నడుపుకునే ప్లానులకు ఆ రాష్ట్ర చట్టాలు వర్తించవు. కనుక మీ ప్లాను ఏ రకం, అందులో ఆటిజం థెరపీ ఉందా అని హెచ్ఆర్‌ను చేరకముందే అడగండి. వీసా విషయానికి వస్తే, ఫారంలోని ప్రతి ప్రశ్నకూ నిజమే రాయండి, సందేహం వస్తే ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడగండి. ఏజెంటు చెప్పాడని ఏదీ మార్చి రాయవద్దు.

భాష గురించి. ఈ బాబుకు ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిష్ మాత్రమే మాట్లాడమని ఇక్కడి ఒక థెరపిస్టు సలహా ఇచ్చారట. మాకూ అదే చెప్పారు, మేము మూడేళ్ళు అలాగే చేశాం. మా అబ్బాయికి ఇంగ్లిష్ రావలసిన వేగంతోనే వచ్చింది. పోయింది మాత్రం వాడికీ మా అమ్మకూ మధ్య ఉండవలసిన భాష. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకు మాటలు ఇంకా ఆలస్యమవుతాయన్న భయానికి ఆధారం లేదని ఆ తరువాత వచ్చిన పరిశోధనలు చూపించాయి. తల్లి తనకు పూర్తిగా వచ్చిన భాషలో లాలించి, కోప్పడి, కథ చెప్పినప్పుడే బిడ్డకు నిండైన మాట అందుతుంది. "బువ్వ", "దా", "ఇంకా" అన్న మూడు మాటలు ఇప్పుడు ఈ బాబుకు వచ్చు. ఆ మూడింటినీ అక్కడి స్పీచ్ థెరపిస్టుకు అర్థంతో సహా రాసి ఇవ్వండి. లేకపోతే వాడికి ఒక్క మాట కూడా రాదని రాసుకుంటారు.

ఆరు వారాల్లో హైదరాబాదులో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ నీపిడ్‌లో ఒకసారి చూపించి, ఇంగ్లిష్‌లో రిపోర్టు తీసుకోండి. థెరపిస్టుల కాగితాల మీద భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ నంబరు ఉండేలా చూసుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి కనుక, వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డుకు ఇక్కడ ఉన్నప్పుడే దరఖాస్తు పెట్టండి. తిరిగి రావలసి వస్తే పనికొస్తుంది. టీకాల పుస్తకం లేకుండా అక్కడి బడిలో చేర్చుకోవడం కష్టం. బాబు ఆడుకునేటప్పుడు, తినేటప్పుడు, అలిగినప్పుడు తీసిన చిన్న వీడియోలు కొన్ని ఉంచుకోండి, ఎందుకంటే కొత్త గదిలో, కొత్త మనుషుల ముందు వాడు తనకు వచ్చినవి కూడా చూపించడు. వెళ్ళేలోపు ఎలాగైనా నయం చేయించాలని మూలకణ (స్టెమ్ సెల్) చికిత్సకు లక్షలు పోయడానికి సిద్ధపడేవాళ్ళను చూశాను. ఆటిజానికి ఆ చికిత్సను సిఫారసు చేయలేమని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. దయచేసి ఆ డబ్బు దాచుకోండి.

అక్కడి మన తెలుగువాళ్ళ గురించి కూడా చెప్పాలి. ఉగాది వేడుకలకు స్కూలు ఆడిటోరియం అద్దెకు తీసుకుని, స్పీకర్లు గరిష్ఠంగా పెట్టి, నాలుగు గంటలు కార్యక్రమం నడుపుతారు. మా వాడు ఆరేళ్ళప్పుడు అలాంటి చోట చెవులు మూసుకుని నేల మీద పడి ఏడ్చాడు. ముందు వరుసలోని ఒకావిడ "పిల్లాడికి క్రమశిక్షణ నేర్పలేదు" అని అందరికీ వినపడేలా అన్నారు. ఆ తరువాత నాలుగేళ్ళు మేము ఏ తెలుగు వేడుకకూ వెళ్ళలేదు. అది మా తప్పని ఇప్పుడు అనుకుంటున్నాను. మళ్ళీ వెళ్ళినప్పుడు ముందుగానే నిర్వాహకులకు ఫోను చేసి సంగతి చెప్పాం. తలుపు దగ్గర సీట్లు ఇచ్చారు, పక్కన ఒక ఖాళీ గది తెరిచి ఉంచారు, వాడి చెవులకు శబ్దం తగ్గించే హెడ్‌ఫోన్లు పెట్టాం. వాడు గంటన్నర కూర్చున్నాడు. చెప్పనంతకాలం మనుషులు వాళ్ళకు తోచింది అనుకుంటారు. చెబితే, అందరూ కాకపోయినా, చాలామంది అర్థం చేసుకుంటారు. అలాంటి పిల్లలు లేని ఇళ్ళవాళ్ళకు నా విన్నపం ఒక్కటే: పుట్టినరోజులకు వీళ్ళను కూడా పిలవండి. రాలేకపోతే రాలేమని వాళ్ళే చెబుతారు.

ఇంకొక జాగ్రత్త తప్పక తీసుకోవాలి. ఇలాంటి పిల్లలు కొందరు కన్ను మూసి తెరిచేలోగా తలుపు తీసుకుని వెళ్ళిపోతారు, నీళ్ళంటే ఆకర్షణ ఎక్కువ. అలా వెళ్ళిన పిల్లల మరణాలకు మునిగిపోవడమే ప్రధాన కారణం. అక్కడి అపార్ట్‌మెంట్ల వెనుక కంచె లేని చెరువులు మామూలు. అలాంటి ఇల్లు తీసుకోకండి, తలుపుకు పైన గొళ్ళెం పెట్టించండి, వీలైనంత త్వరగా ఈత నేర్పించండి.

చివరగా, అత్తగారు లోపలికి వెళ్ళాక బాబు తండ్రితో విడిగా మాట్లాడాను. హెచ్-1బీ ఉద్యోగి భార్యాబిడ్డలకు ఇచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న బిడ్డకు ఇరవై ఒకటి నిండితే, వైకల్యం ఉన్నా లేకపోయినా, తండ్రి మీద ఆధారపడిన హోదా ముగుస్తుంది. భారతీయులకు గ్రీన్ కార్డు వరుస ఎంత పొడవో అతనికి తెలుసు. బడి ఇచ్చే సేవలు కూడా దాదాపు ఆ వయసుకే ఆగిపోతాయి. పదిహేడేళ్ళ తరువాతి సంగతి అనిపిస్తుంది గాని, గ్రీన్ కార్డు ప్రక్రియ ఎప్పుడు మొదలుపెడతారని కంపెనీని మొదటి ఏడాదే అడగమన్నాను. తిరిగి రావలసి వస్తే, 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, పద్దెనిమిది దాటిన బిడ్డకు చట్టబద్ధ సంరక్షకులుగా నియమించమని జిల్లా స్థాయి కమిటీని కోరవచ్చని కూడా చెప్పాను. అతను అన్నీ ఫోనులో రాసుకున్నాడు.

వాళ్ళు లేచే ముందు ఆ అమ్మాయి, డిస్ట్రిక్ట్‌కు రాయవలసిన ఉత్తరం ఎలా ఉండాలని అడిగింది. భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఇద్దరం కలిసి రాశాం. బాబు పేరు, పుట్టిన తేదీ, చిరునామా. భారతదేశంలో ఆటిజం నిర్ధారణ అయిందని, రిపోర్టు జతచేశామని ఒక వాక్యం. ప్రత్యేక విద్య కోసం పూర్తి పరీక్ష చేయమని కోరుతూ ఒక వాక్యం. ఇంటిభాష తెలుగు అని ఒక వాక్యం. చిరునామా, తేదీ ఉండవలసిన చోటు ఖాళీగా వదిలి, ఆ కాగితాన్ని ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టింది.