సొరచేపకి అతుక్కుని తిరిగే చేప నోటితో రక్తం పీలుస్తుందా?

నోటితో కాదు, అది తాగేది రక్తమూ కాదు. ఆ చేప పేరు రెమోరా, అతుక్కునేది నడినెత్తితో. ఈ ప్రశ్నకి ఇక్కడ జవాబులు రాసినవాళ్లు సగం మంది దాన్ని జలగల్లో కలిపేశారు. ఒక్కరన్నా చేత్తో పట్టుకుని చూశారా అని నా అనుమానం.

మా మేనమామది ఒంగోలు పక్కన కొత్తపట్నం. ఓ సంక్రాంతి సెలవుల్లో వలలో చిన్న సొర పడింది, దాంతోపాటే మూరెడు పొడుగున ఈ చేప. ముదురు రంగు ఒళ్లు, పక్కన తోక దాకా తెల్ల అంచుల నల్ల చార. నీళ్లున్న ప్లాస్టిక్ డ్రమ్ములో వేస్తే చటుక్కున గోడకి కరుచుకుంది. మా బావ తోక పట్టి గుంజుతుంటే డ్రమ్ము ఊగుతోంది గానీ చేప రావట్లా. మామ వచ్చి, "ఎనక్కి లాగితే ఇంకా బిగుసుద్దిరా, ముందుకి తొయ్యి" అని ఒక్క తోపు తోశాడు. ఊడొచ్చింది.

నెత్తిమీద కోలగా, మెత్తటి కండ అంచుతో ఒక బిళ్ల. లోపల కిటికీ రెక్కల్లా అడ్డంగా 20కి పైగా పలకలు. తల నుంచి తోక వైపు వేలు రాస్తే జారిపోతుంది, ఎదురు రాస్తే సన్నటి ముళ్లు పట్టుకుంటాయి. అసలది వీపు మీది మొదటి రెక్క. చేప పిల్లగా ఉండగానే ఆ రెక్క ముళ్లు పలకలుగా మారి, తలమీదికి జరుగుతాయి. మెత్తటి అంచు సొర ఒంటికి ఆనుకుని నీళ్లు దూరకుండా మూసేస్తుంది. పలకలు పైకి లేస్తే లోపల ఒత్తిడి తగ్గి పట్టు దొరుకుతుంది, ముళ్లు సొర గరుకు తోలుకి తగులుకుంటాయి. సొర ఎంత జోరుగా పోతే నీటి తాకిడికి పట్టు అంత బిగుస్తుంది. వదలాలంటే ముందుకి ఈదడమే.

నోటితో అతుక్కుంటే ఊపిరి ఎట్టా? సొర వేగానికి, తెరిచిన నోట్లోంచి నీళ్లు వాటంతటవే మొప్పల్లోకి పోతాయి. తినేది సొర ఒంటి మీది పురుగులు, అది కొరికి వదిలిన ముక్కలు, చివరికి దాని పెంట కూడా. గాలితిత్తి లేదు కాబట్టి ఈత ఆపితే మునగడమే. అందుకే తాబేలైనా, తిమింగలమైనా, పడవ అడుగైనా ఏదో ఒకటి చూసుకుంటుంది.

మీరు ప్రశ్నతో పెట్టిన ఫొటో మాత్రం అక్వేరియం షాపుల్లో అమ్మే సక్కర్ ఫిష్‌ది. నోటితో అతుక్కుని నాచు గీరేది అదీ. దక్షిణ అమెరికా మంచినీళ్ల చేప, దానికీ సముద్రానికీ సంబంధమే లేదు. అద్దాలు శుభ్రం చేస్తుందని అరచేతిలో పట్టే పిల్లని అంటగడతారు. అడుగు దాటి పెరిగేసరికి తొట్టి చాలక, పాపం అని తీసుకెళ్లి చెరువులో వదిలేస్తారు. ఏంది పాపం? మా నెల్లూరు వైపు చేపల చెరువుల రైతుల్ని అడగండి. ఒళ్లంతా ఎముక పలకలు, రెక్కలకి గట్టి ముళ్లు, వల చిక్కుపడి చిరిగిపోతుంది. గట్లలో బొరియలు తవ్వుతుంది. వేసిన మేత అదే తింటుంది, అమ్ముదామంటే కొనేవాడు లేడు. సొర మీద ఉచిత ప్రయాణం చేసే చేపనేమో రక్తపిశాచి అంటారు, దీన్నేమో బర్త్‌డేకి పిల్లలకి కొనిస్తారు.